ఖాళీగా వచ్చిన డబ్బా

ఆ పొద్దున కూడా అత్తగారు వంటింట్లో దగ్గుతూ గిన్నెలు సర్దుతోంది. ఆ దగ్గుని ఆ ఇంట్లో ఎవరూ పట్టించుకోరు. చెప్పుల ఫ్యాక్టరీ క్యాంటీన్‌లో ఏళ్ళ తరబడి పెద్ద పొయ్యి ముందు నిలబడ్డ మనిషి దగ్గకుండా ఎలా ఉంటుంది? "పొయ్యి ఘాటు" అనేది, భుజం మీది తువ్వాలుతో మూతి తుడుచుకునేది, మళ్ళీ పనిలో పడేది.

క్యాంటీన్‌లో ఆమెని గరిటె పెద్దమ్మ అంటారు. గరిటె లేకుండా ఆమె చేతిని చూసినవాళ్ళు అక్కడ లేరు. ఆమెకి ఇంకో విద్య కూడా ఉంది. తినేవాళ్ళ మొహాలు చూడదు, తిరిగొచ్చిన పళ్ళేలు చూస్తుంది. పళ్ళెం ఖాళీగా వస్తే ఆ మనిషి బాగున్నట్టు. ఏమైనా మిగిలితే, అది ఎవరిదో ఆరా తీసి, ఆ బల్ల దగ్గరికే వెళ్ళి నడుం మీద చెయ్యి పెట్టుకుని నిలబడుతుంది. అవతలివాడు సూపర్‌వైజరైనా సరే, మిగిలింది నోట్లో పెట్టుకోవాల్సిందే. ఈ పద్ధతి తనని ఎన్నడూ మోసం చేయలేదని ఆమె నమ్మకం.

లోపలి గదిలో కోడలికి కాలు నిలవడం లేదు. నెల కూడా నిండని కొడుకుని భుజాన వేసుకుని కిటికీ దగ్గరికీ మంచం దగ్గరికీ తిరుగుతోంది. తెల్లవారుజాము నుంచి పిల్లాడు పాలు సరిగ్గా తాగడం లేదు. రెండు గుటకలు వేస్తాడు, వదిలేస్తాడు, మూలుగుతాడు. ఆమె కళ్ళజోళ్ళ దుకాణంలో అద్దాలు అరగదీసే పని చేస్తుంది. వెంట్రుకవాసి గీతని కూడా పట్టుకునే కళ్ళు ఆమెవి. ఆ కళ్ళు ఇప్పుడు పిల్లాడి మొహం మీదనుంచి కదలడం లేదు.

వీధి గుమ్మంలో ఎదురింటి టీచరమ్మ గొంతు వినిపించింది.

"పిల్లాడు ఎలా ఉన్నాడు పెద్దమ్మా? నేను లోపలికి రానులే. మా బడి నిండా జలుబులే. పసివాడికి అంటిస్తే పాపం."

"నా మనవడికి జలుబేంటి టీచరమ్మా!" అంది అత్తగారు, నవ్వుతూ, మధ్యలో దగ్గుతూ. "వాడు కడుపులో ఉన్నప్పుడే గట్టి పునాది వేశా. ఆకుకూర, గుడ్లు, చేప, ఎముకల సూపు... పనికెళ్ళేముందు డబ్బా నింపి బల్లమీద పెట్టకుండా ఒక్కరోజు కదల్లేదు నేను. మా కోడలు కూడా మహాతల్లి, సాయంత్రానికి డబ్బా అద్దంలా ఉండేది. తల్లి తిన్నదే కదా పిల్లాడికి బలం. వీడికోసం రోగం గుమ్మం దాకా వస్తే, నన్ను చూసి వెనక్కి పోవాలి!"

"మరి కోడలు తింటే మీ అబ్బాయికి పొట్ట వచ్చిందేంటి?"

"తండ్రవుతున్నానన్న సంబరం వాడికి. సంబరంతో ఒళ్ళు చేశాడు."

ఇద్దరూ పగలబడి నవ్వారు. లోపల కోడలు పిల్లాణ్ణి ఇంకాస్త గట్టిగా పొదువుకుంది.

ఎందుకంటే ఆ డబ్బాలు ఖాళీ చేసింది ఆమె కాదు.

మూడో నెలలో, దుకాణం పని ఆపి ఇంటిపట్టున ఉండగా మొదలైంది ఆ వికారం. వేడి వేడి కూరమీదనుంచి ఆవిరి లేస్తే చాలు, కడుపులో పేగులు తిరగబడేవి. మొదటిరోజు డబ్బా సగం మిగిల్చింది. సాయంత్రం అత్తగారు పనినుంచి వస్తూనే, చెప్పులైనా విప్పకుండా మూత తీసి చూసింది. అరవలేదు. అరిచినా బాగుండేది. "నా చేతి వంట సగం కూడా లోపలికి పోలేదా అమ్మాయ్?" అని కళ్ళనిండా నీళ్ళు పెట్టుకుని, ఆ రాత్రి తనూ భోంచేయలేదు. మర్నాడు తెల్లారకముందే లేచి ఇంకా ఎక్కువ వండింది. ఆ ప్రేమకి భయపడింది కోడలు. కోపానికి ఎదురు చెప్పొచ్చు. ప్రేమకి ఎదురు చెప్పడం ఎవరికి చేతనవుతుంది?

దారి మొగుడే చూపించాడు. అతను లిఫ్టులు బాగుచేసే మెకానిక్. ఏ మేడ లిఫ్టు ఎక్కడ ఇరుక్కుపోయినా క్షణంలో కదిలించే మనిషికి, తన ఇంట్లో అమ్మకీ భార్యకీ మధ్య ఇరుక్కున్న మాటని కదిలించడం మాత్రం చేతకాలేదు. "ఏం ఫర్వాలేదు పిట్టా, నేను తినేస్తాలే" అన్నాడు. మధ్యాహ్నం ఇంటికొచ్చి డబ్బా ఖాళీ చేసి, కడిగి బోర్లించి వెళ్ళేవాడు. ఆమె చల్లటి బ్రెడ్డు ముక్కలూ, ఉప్పు చల్లిన దోసకాయ ముక్కలూ నమిలేది. వికారం తగ్గాక చల్లటి పాలు, ఉడకబెట్టి చల్లార్చిన గుడ్డు తినగలిగింది. కానీ అప్పటికి అబద్ధం బాగా పాతుకుపోయింది. ఇప్పుడెలా చెప్పడం అనుకుంటూనే నెలలు నిండాయి.

పిల్లాడు పుట్టాక ఆ సంగతి మర్చిపోదామనుకుంది. అత్తగారు మర్చిపోనిస్తేనా! వచ్చినవాళ్ళందరికీ డబ్బాల కథే.

టీచరమ్మ వెళ్ళిపోయాక కోడలు పిల్లాణ్ణి మంచం మీద పడుకోబెట్టి చొక్కా పైకి లాగి చూసింది. ఊపిరి పీల్చినప్పుడల్లా పక్కటెముకల కింద చిన్న గుంట పడుతోంది. ఒళ్ళు కాలిపోతోంది.

"ఏవండీ!" అని ఆమె వేసిన కేకకి ఇల్లంతా అదిరింది.

*

పిల్లల ఆసుపత్రిలో వాళ్ళ చేతుల్లోంచి పిల్లాణ్ణి తీసుకుని అద్దాల తలుపు వెనక్కి వెళ్ళిపోయారు. ఇంత చిన్నపిల్లలకి జ్వరమొస్తే ఇంటికి పంపించరట, చేర్చుకోవాల్సిందేనట. అద్దంలోంచి చూస్తే చిన్న ముక్కుకి ఆక్సిజన్ గొట్టం, అరచెయ్యంత కాలికి సెలైన్ సూది చుట్టూ కట్టు కనిపిస్తున్నాయి. కోడలు అద్దానికి నుదురు ఆనించి నిలబడింది. అత్తగారు వసారాలో ఆ చివరికీ ఈ చివరికీ తిరుగుతూ దగ్గుతోంది. ఆమె కొడుకు ఇద్దరి మధ్యా బెంచీ మీద కూర్చుని బూటుకాలు ఆడిస్తున్నాడు.

పిల్లల డాక్టరమ్మ బయటికొచ్చింది. తీరిగ్గా మాట్లాడే మనిషి. పిల్లాడి బరువు, నెలలు నిండాయో లేదో, పాలు తాగడం, అన్నీ ఒక్కొక్కటే అడిగింది.

"గర్భంతో ఉన్నప్పుడు తిండి ఎలా తిన్నారమ్మా?"

కోడలు నోరు తెరిచేలోపే అత్తగారు అందుకుంది. "తిండికేం లోటు లేదు డాక్టరమ్మా. నేనే వండిపెట్టా. ఆకుకూర, గుడ్లు, చేప, సూపు. ఒక్క మెతుకు మిగిలేది కాదు. ఆ విషయంలో మీరు నిశ్చింతగా ఉండండి."

డాక్టరమ్మ తలూపి తర్వాతి ప్రశ్నకి వెళ్ళబోయింది. కోడలు అద్దం వైపు చూసింది. గొట్టం కింద ఆ చిన్న ఛాతీ ఎగిరెగిరి పడుతోంది. తప్పు సమాధానం రాసుకుని తప్పు మందు ఇస్తే? తన సిగ్గుకోసం వీడి ప్రాణం మీదికి తెస్తుందా?

"తినలేదు" అంది.

"ఏంటమ్మా?"

"తినలేదండీ. అత్తయ్య పెట్టినవి ఏవీ తినలేదు. నెలల తరబడి బ్రెడ్డూ దోసకాయా తిన్నాను. వాసన పడేది కాదు. చివర్లో పాలూ గుడ్డూ తిన్నాను." డాక్టరమ్మ కలం కదిలేదాకా ఆగి మళ్ళీ అంది. "డాక్టరు రాసిచ్చిన మాత్రలు మాత్రం మానలేదు. వాటికి వాసన లేదు కదా. ఇంకేం అడిగినా నిజమే చెప్తాను. వాణ్ణి బతికించండి చాలు."

డాక్టరమ్మ ఆమె భుజం మీద చెయ్యి వేసింది. "చెప్పినందుకు మంచిదైంది. పరీక్షలు రానివ్వండి, మాట్లాడదాం" అని లోపలికి వెళ్ళిపోయింది.

అత్తగారి మొహంలో నెత్తురుచుక్క లేదు.

"మరి డబ్బా?" అంది. "డబ్బా ఖాళీగా ఎలా ఉండేది?"

కోడలు తల వంచుకుంది. కొడుకు బెంచీ మీదనుంచి లేచాడు.

"నేను తినేవాణ్ణమ్మా."

"నువ్వా!"

"పారేస్తే పాపం కదా. నీ కష్టం..."

"నా కష్టం! నా కష్టం గురించి నువ్వు మాట్లాడకురా!" గరిటె పెద్దమ్మ గొంతు క్యాంటీన్ గొంతయింది. వసారాలో వాళ్ళంతా తిరిగి చూశారు. "ఇద్దరూ కలిసి నన్ను వెర్రిదాన్ని చేశారు. చీకటితో లేచి వండాను. చేపలో ముల్లు తగులుతుందేమోనని వేళ్ళతో ఏరి పెట్టాను. ఊరందరికీ చెప్పుకుని మురిసిపోయాను. మీరు నా వెనక నవ్వుకున్నారు!"

"నవ్వుకోలేదు అత్తయ్యా. నేను..."

"నువ్వు మాట్లాడకు అమ్మాయ్. నన్ను మోసం చేశావ్, సరే. నా మొహాన చల్లటి బ్రెడ్డు కొట్టావ్, సరే. కడుపులో ఉన్నవాడేం పాపం చేశాడు? వాడి నోటి దగ్గరిది తీసేశావ్. వాడికి రావాల్సిన బలం నువ్వే రానివ్వలేదు. ఇవాళ వాడు ఆ గొట్టంతో పడుకున్నాడంటే..."

"అమ్మా!" అన్నాడు కొడుకు.

ఆమె ఆగింది. కానీ అనాల్సినంతా అనేసింది. ఆ మాట కోడలికి కొత్తదేం కాదు. పొద్దుట్నుంచి తనని తాను అంటున్న మాటే. కాకపోతే ఇంకొకరి నోట వినడం ఇదే మొదలు. గోడకి ఆనుకుని అలాగే కిందికి జారి కూర్చుండిపోయింది.

నర్సు వచ్చి చిన్న సీసా చేతికిచ్చింది. "బాబు ఆయాసంతో తాగలేడమ్మా. పాలు పిండి ఇవ్వండి, గొట్టంతో పట్టిస్తాం." కోడలు పక్కగదిలోకి వెళ్ళింది. చాలాసేపు ప్రయత్నించింది. సీసా అడుగు కూడా తడవలేదు. పొద్దుట్నుంచి మంచినీళ్ళు కూడా తాగలేదన్న సంగతి ఆమెకి గుర్తులేదు. పాలు కూడా తనని అసహ్యించుకుంటున్నాయనుకుంది. వచ్చినా ఏం లాభం, తన ఒంట్లో లేని బలం తన పాలలోకి ఎక్కణ్ణుంచి వస్తుందనుకుంది. ఖాళీ సీసా పట్టుకుని ఏడుస్తూ బయటికొచ్చింది.

అప్పటికి డాక్టరమ్మ కాగితాలతో నిలబడి ఉంది.

"కూర్చోండమ్మా. ముందు ఇది వినండి. మీ బాబుకి వచ్చింది ఊపిరితిత్తులకి దిగిన జలుబు. పసివాళ్ళకి ఇది ప్రమాదమే. కానీ మీరు సమయానికి తెచ్చారు. ఇవాళ, రేపు కనిపెట్టి చూడాలి."

"నా వల్లే కదండీ?" అంది కోడలు. "నేను తినకపోవడం వల్లే కదా?"

డాక్టరమ్మ కాగితాలు పక్కన పెట్టింది.

"చివరి నెలల్లో తల్లి ఒంట్లో ఉన్న రక్షణ కొంత కడుపులోని మాయ ద్వారా బిడ్డకి చేరుతుంది. పుట్టిన కొత్తలో వాడికి అదే కాపలా. తల్లి బాగా తింటే ఆ పని బాగా సాగుతుంది, అబద్ధం చెప్పను. చాలాకాలం పస్తులుండి, రక్తం బాగా తగ్గిపోయి, బిడ్డ బరువు లేకుండా పుడితే, వాడికి తట్టుకునే శక్తి తగ్గొచ్చు. అందుకే అడిగాను. మీ బాబు నెలలు నిండి పుట్టాడు. మంచి బరువు. మీ పాత రక్తపరీక్షలు చూశాను, బాగున్నాయి. మీరు తినని కూరకీ ఈ జ్వరానికీ నేను ముడి పెట్టలేనమ్మా. రాజభోగం తిన్న తల్లి బిడ్డకైనా ఈ వయసులో కొత్త జలుబు సోకితే ఇంతే."

కోడలు ఆ మాటలని నమ్మాలో వద్దో తెలియనట్టు చూసింది.

"సోకితే అంటున్నానూ," డాక్టరమ్మ అందరివైపూ తిరిగింది, "ఇంట్లో ఎవరికైనా జలుబు గానీ దగ్గు గానీ ఉందా?"

కొడుకు లేదన్నట్టు తల అడ్డంగా ఆడించబోయి మధ్యలో ఆగాడు.

అత్తగారు తువ్వాలు నోటికి గట్టిగా అదుముకుని ఉంది. భుజాలు వణుకుతున్నాయి. కళ్ళలో నీళ్ళు తిరుగుతున్నాయి. ఎంత అదిమిపెట్టినా అది ఆగలేదు. ఛాతీ చీల్చుకుని వచ్చింది దగ్గు, ఒకటి మీద ఒకటి, తెరలు తెరలుగా.

"ఇది... పొయ్యి ఘాటు డాక్టరమ్మా" అంది. ఆ మాట ఆమెకే వినిపించలేదు. వారం నుంచి ఒళ్ళు నొప్పులు, రాత్రుళ్ళు చలి. క్యాంటీన్‌లో సగంమంది ముక్కులు చీదుతున్నారు. అయినా ఎప్పుడూ ఉండే దగ్గే కదా అనుకుంది. అలా అనుకునే రోజూ పనినుంచి వచ్చి, మనవణ్ణి గుండెలకి హత్తుకుని, బుగ్గలమీద ముద్దులు కురిపించింది.

డాక్టరమ్మ మందలించలేదు. మాస్కు ఒకటి తెప్పించి ఇచ్చింది. "ఫలానా వాళ్ళనుంచే వచ్చిందని నేను చెప్పలేను పెద్దమ్మా. కానీ మీరు ఈ వసారాలో ఉండకూడదు. కింద పెద్దవాళ్ళని చూసే డాక్టరుకి చూపించుకోండి" అని, కోడలివైపు తిరిగింది. "మీరు ఏదైనా తినండి, నీళ్ళు తాగండి. తర్వాత పాలు వాటంతటవే వస్తాయి. ఆ పాలలో కూడా వాడికి కాపలా ఉంది. అది నా దగ్గర దొరకదు, మీరే ఇవ్వాలి."

అత్తగారు ఎవరి మొహమూ చూడకుండా మెట్లవైపు నడిచింది. ఎప్పుడూ నిటారుగా నడిచే మనిషి, గోడ పట్టుకుని దిగింది.

కొడుకు మొహం ఎర్రబడింది. "ఇందాక నిన్ను నానా మాటలూ అంది కదా. తీరా చూస్తే వాడికి అంటించింది..."

"ఆ మాట అనకండి." కోడలు అతని చెయ్యి పట్టుకుంది.

"అనకపోతే ఎలా? నిన్ను నిలబెట్టి..."

"పొద్దుట్నుంచి ఆ మాట మోస్తున్నానండీ. ఎంత బరువుందో నాకు తెలుసు. దింపుకుని ఆవిడ నెత్తిన పెట్టమంటారా? పెడితే నాకేం వస్తుంది? వాడికేం వస్తుంది?" అతను తల దించుకున్నాడు. "అసలు ఆ మొదటిరోజే మనం నోరు విప్పి ఉంటే బాగుండేది. మీరు తిని దాచారు, నేను తినక దాచాను. ఇక మన ఇంట్లో దాచుకోవడాలు వద్దు."

*

ఆసుపత్రి కింద, సైకిళ్ళు పెట్టే రేకుల షెడ్డు పక్కన అరుగుమీద కూర్చుని ఉంది అత్తగారు. మొహానికి మాస్కు, ఒళ్ళో చేతులు. ఖాళీ చేతులతో ఆమెని చూడడం కోడలికి ఇదే మొదటిసారి. దగ్గరికి రాబోతే చెయ్యి అడ్డం పెట్టింది.

"అక్కడే ఉండమ్మాయ్. పాలిచ్చేదానివి."

కోడలు కాస్త దూరంలో ఆగింది.

"వాడు పుట్టినప్పుడు నేనే ముందు ఎత్తుకున్నా" అంది అత్తగారు. "రోగం గుమ్మం దాకా వస్తే నన్ను చూసి పారిపోవాలన్నా. నేనే చంకనెక్కించుకుని లోపలికి తీసుకొచ్చా."

"అలా అని డాక్టరు అనలేదు అత్తయ్యా."

"అనక్కర్లేదు. నాకు తెలీదా?" ఆమె ఒళ్ళోని చేతులవైపు చూసుకుంది. "నిన్ను ఇందాక అనరాని మాట అన్నాను. తల్లిని అనాల్సిన మాట కాదది. నా నాలిక పడిపోను."

"మీరు అనకముందే నేనూ అదే అనుకున్నా. దానికేం లే."

"దానికేం లే కాదు." అత్తగారు మొదటిసారి తలెత్తి చూసింది. కళ్ళకింద నల్లటి చారలు, పొడుచుకొచ్చిన మెడ ఎముకలు, ఎండిపోయిన పెదాలు. ఇవన్నీ ఇవాళ వచ్చినవి కావు. నెలల తరబడి ఒకే ఇంట్లో, ఒకే బల్ల దగ్గర ఎదురుగా కూర్చున్నాయి. "ఇంత చిక్కిపోయావే! రోజూ సాయంత్రం వచ్చి డబ్బా చూశాను గానీ, నిన్ను చూడలేదే నేను! క్యాంటీన్‌లోనూ అంతే, మిగిల్చినవాడి మొహం కూడా చూడకుండా మింగించడమే కదా నా బతుకంతా చేసింది."

కోడలికి దుఃఖం పొంగుకొచ్చింది. "నేనే చెప్పాల్సింది అత్తయ్యా. మీరు బాధపడతారని భయం. ఆ ముళ్ళు ఏరిన చేప చూసి ఎన్నిసార్లు ఏడ్చానో. తినాలనే ఉండేది. పోయేది కాదు."

దూరం దూరంగానే నిలబడి ఇద్దరూ ఏడ్చారు. దగ్గరికి వచ్చి ఒకరి కన్నీళ్ళు ఒకరు తుడుచుకునే వీలు లేదు. ఆ దూరమే ఇప్పుడు పైన ఉన్న పిల్లాడికి మందు.

చాలాసేపటికి అత్తగారు తువ్వాలుతో కళ్ళు ఒత్తుకుని అడిగింది. "ఇప్పుడేం తింటావమ్మాయ్?"

ఆమె నోటినుంచి ఎన్నడూ రాని ప్రశ్న అది. ఏం వండాలో ఆమెకి ఎప్పుడూ తెలుసు. ఎవరినీ అడిగి ఎరగదు.

"చల్లటి బ్రెడ్డు" అంది కోడలు, కాస్త సిగ్గుపడుతూ. "దోసకాయ ముక్కలు. కొంచెం ఉప్పు. గుడ్డు కూడా. కానీ చల్లార్చి."

"చల్లార్చి," అంది అత్తగారు, కొత్త భాష నేర్చుకుంటున్నట్టు. తర్వాత లేచి, "నేను ముట్టుకోను. టీచరమ్మని చెయ్యమంటా" అని వీధివైపు నడిచింది.

*

మర్నాడు పొద్దున పిల్లాడి జ్వరం దిగింది. గొట్టం ఇంకా ఉంది గానీ, ఊపిరి పీల్చినప్పుడు ఆ గుంట పడడం లేదు. సీసాలో సగానికి పైగా పాలు వచ్చాయి. నర్సు పిల్లాణ్ణి తెచ్చి ఒళ్ళో పెట్టి, "నోటికి అందించి చూడండి" అంది. వాడు వెతుక్కున్నాడు, పట్టుకున్నాడు, ఆపకుండా గుటకలు వేశాడు. కోడలికి పోయిన ప్రాణం తిరిగొచ్చినట్టయింది.

టీచరమ్మ సర్దిన డబ్బా వచ్చింది. పైగిన్నెలో బ్రెడ్డు, కిందిగిన్నెలో దోసకాయ ముక్కలు, పొట్టు తీసిన గుడ్లు. ఏదీ ఆవిరి చిమ్మడం లేదు. ఆమె ఆకలి తీరేదాకా తింది. తర్వాత మూత పెట్టబోయింది. అలవాటు కొద్దీ మొగుడు చెయ్యి చాపాడు, మిగిలింది తినేద్దామని.

"ఉండనివ్వండి" అంది.

"అమ్మ చూస్తుంది పిట్టా. సగం అలాగే ఉంది."

"చూడనివ్వండి."

డబ్బా తనే పట్టుకుని కిందికి దిగింది. రేకుల షెడ్డు దగ్గర అత్తగారు మాస్కుతో నిలబడి ఉంది. కోడలు డబ్బా అరుగుమీద పెట్టి వెనక్కి జరిగింది. అత్తగారు వచ్చి అందుకుంది. చేతికి బరువు తగిలింది. ఏళ్ళ అలవాటు, బొటనవేలు దానంతటదే మూత అంచుకిందికి వెళ్ళింది.

అక్కడే ఆగింది. ఆమె డబ్బాని అలాగే చంకలో పెట్టుకుని, తలెత్తి కోడలి మొహంలోకి చూసింది.

"నీకెలా ఉందమ్మాయ్?" అంది.